వారంటు భయము, జామీను సిగ్గు

మర్యాదస్థుల యిండ్లలో నోట ననరాని మాటలు రెండు గలవు. ఒకటి వారంటు, రెండవది జామీను. ఊరివారి దొంగతనములను గూర్చియు వ్యభిచారములను గూర్చియు సాయంకాలపు కబుర్లలో నిస్సంకోచముగా మాటలాడువారే, తమ బంధువుమీద గాని తమ పనివానిమీద గాని వారంటు పుట్టినదని వినినతోడనే కంఠము తగ్గించి తలుపు మూయుదురు. ఇట్లు మూయుట మర్యాదయని వారి తలంపు. మేము దానిని అజ్ఞానమనుచున్నాము. అంతకంటె కఠినమైన మాటయు వాడవచ్చును. ఏలయనగా ఈ తలుపు మూయుటవలన నష్టపడువారు లోపలివారు కారు, వెలుపల నిలుచున్నవారు.

మేము నివసించు భీమునిపట్నము సామాన్యమైన యూరు కాదని మా యూరివారు చెప్పుకొనుట కలదు. 1861వ సంవత్సరముననే యిచ్చట పురపాలక సంఘ మేర్పడినది. డచ్చివారి గోరీలను, దీపస్తంభమును, గంటస్తంభమును చూచుటకు దూరమునుండి జనులు వచ్చుచుందురు. ఆ పురపాలక సంఘము మహా విశాఖ నగరపాలక సంస్థలో కలిసిపోయినను దానివలని గర్వము మాత్రము కలిసిపోలేదు. ఇంత పాతదైన పౌరజీవనముగల యూర చదువుకొన్నవారిని పదిమందిని నిలిపి, వారంటు లెన్ని విధములు, తన పేర నొకటి యున్నదో లేదో మనుష్యు డెట్లు తెలిసికొనవలెను, జామీను నిలిచినవానిపై బడు బాధ్యత యెంత, అని యడిగి చూడుడు. బంగారపు ధరయు, సముద్రతీరపు స్థలముల ధరయు, అమెరికా వీసా నియమములును తడుముకొనకుండ చెప్పువారు ఈ ప్రశ్నలకు మాత్రము, 'అట్టి గొడవలు మాకెందుకండి' అని చిరునవ్వు నవ్వుదురు. ఆ చిరునవ్వునకే మేమీ వ్యాసము వ్రాయుచున్నాము.

వారంటనగా నేమి? న్యాయాధికారి చేవ్రాలును న్యాయస్థానపు ముద్రయు గలిగి, ఫలాని మనుష్యుని పట్టి మా యెదుటికి తెండని యాజ్ఞాపించు పత్రము. అందు శిక్ష లేదు, నేరనిర్ణయమును లేదు. పిలిచినప్పుడు రానివానిని రప్పించుటయే దాని ప్రయోజనము. 2024వ సంవత్సరము జూలై 1వ తేదినుండి అమలులోనికి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహితలో 72వ సెక్షను దీని స్వరూపమును చెప్పుచున్నది. అంతకు ముందున్న 1973నాటి స్మృతిలో నిదియే 70వ సెక్షను. అంకెలు మారినవి గాని విషయము మారలేదు. జనులలో ననేకు లెరుగని చిన్న వాక్య మొకటి యందు గలదు: అమలు జరుగువరకు గాని, ఇచ్చిన న్యాయస్థానమే రద్దు చేయువరకు గాని వారంటు చెల్లుచుండును. మూడేండ్లు గడచిన ప్రోనోటునకు కాలదోషము పట్టును. ఇరువదియేండ్లు గడచినను వారంటునకు కాలదోషము పట్టదు. 'పాతబడి పోయినది, ఇక నెవ్వరును రారు' అని గుండెపై చేయి వేసికొని నిద్రించువాడు ఈ వాక్యము నెరుగనివాడు.

అందులో రెండు తెగలు గలవు. మొదటిదానిపై న్యాయాధికారియే, ఇంత మొత్తమునకు పూచీయిచ్చి ఫలాని వాయిదాకు వత్తునని వ్రాసియిచ్చినచో వదలివేయుడని వ్రాయును. అది బెయిలబుల్ వారంటు. రెండవదానిపై అట్టి వ్రాత యుండదు. మనుష్యుని న్యాయస్థానమునకు తీసికొనిపోవలసినదే. దీనినే నాన్‌బెయిలబుల్ వారంటందురు. ఈ పేరే మనవారి ప్రాణములను సగము హరించుచున్నది. ఇది వచ్చినచో ఇక జామీను దొరకదని పలువురి నమ్మకము. అది తప్పు. పోలీసువాడు దారిలో వదలిపెట్టుటకు వీలులేదన్నంతవరకే దాని యర్థము; న్యాయాధికారి యెదుట నిలిచిన తరువాత జామీను నడుగుటకును, ఇచ్చుటకును ఏ యడ్డంకియు ఆ పేరులో లేదు. మొదట సమను, పిదప బెయిలబుల్ వారంటు, అవి నిష్ఫలములైనప్పుడే ఈ మూడవది యని మన సుప్రీంకోర్టు 2007వ సంవత్సరమున ఇందర్ మోహన్ గోస్వామి వ్యాజ్యములో చెప్పినది. కావున ఒకనిపై ఈ మూడవది పుట్టినదనగా, పెక్కుసారులు, అంతకు ముందు పంపిన సమను అతనికి చేరలేదన్నమాట. లేక చేరియు అతడు భయపడి దాగెనన్నమాట.

చేరకుండుట కెన్ని కారణములు! మా తీరమునందలి జాలరులనే చూడుడు. ఉత్తరాంధ్రమునుండి పడవపనికై గుజరాతులోని వెరావలునకు వలసపోవువారు వేలకొలది గలరు. ఆ పనిలోనుండగనే 2018లో మన జాలరులు కొందరు పాకిస్తానువారి చెరలో బడి, 2020 జనవరిలో విడుదలయి వచ్చిరి. అట్లు వలసపోయిన యొకని యింటికి ఏదో కొట్లాట వ్యాజ్యములో సమను వచ్చినదనుకొందము. ఇంట చదువరాని తల్లి. కాగితమును చూరులో దోపి, కొడుకు వచ్చినపుడు చెప్పుదమనుకొనును. ఏటేట ఏప్రిలు 15నుండి జూను 14వరకు తూర్పుతీరమున వేట నిషేధము గనుక, అనేకు లిండ్లకు చేరుకాల మది. ఈలోపల మూడు వాయిదాలు దాటిపోవును. కొడుకు వచ్చి, చెల్లెలి పెండ్లిమాటలలో నుండగా ఠాణావారు వత్తురు. అతడు చట్టము దృష్టిలో పరారియైనవాడు! నారదస్మృతిలో నిట్టి నిర్బంధమును గూర్చి చెప్పుచు, పంటకాలమున కర్షకుని, మేతభూమిలో గోపాలుని, పనిలోనున్న శిల్పిని, పెండ్లికి సిద్ధమైనవానిని, రోగిని ఆ సమయమున పట్టి నిలుపరాదని విధించిరి. మనుష్యుని బ్రతుకునకు ఋతువులు గలవని ఆ స్మృతికారు డెరుగును. సమను నంటించి పోవు మన యమీనా కా చింత లేదు.

ఇక వారంటున్నదో లేదో తెలిసికొనుట కిప్పుడు జరుగుచున్న పద్ధతిని చూతము. ఇంటిలో ననుమానము పుట్టగానే తెలిసిన కానిస్టేబు లెవ్వడని వెదకుదురు. లేనిచో కచేరీ ముందరి చెట్టుక్రిందనుండు దళారిని పట్టుకొందురు. గురజాడవారి కన్యాశుల్కములోని రామప్పపంతులు చచ్చెనని యెవ్వరు చెప్పిరి? వేషము మార్చి, చేత చరవాణి పట్టుకొని, ఆయన యా చెట్టుక్రిందనే సజీవుడై యున్నాడు. ఉన్న వారంటును లేదని చెప్పి నిద్రపుచ్చుటకును, లేని వారంటును ఉన్నదని చెప్పి బెదరించుటకును ఆయనకు రుసు మొక్కటియే. అడిగినవాడు సరిచూడలేడని యాయన కెరుక. మన సిగ్గే ఆయనకు జీవనము.

ఆ సిగ్గు వదలినచో త్రోవ యెంత సులభమో చూడుడు. ఈ-కోర్టులను పేర జిల్లా న్యాయస్థానముల వ్యాజ్యముల వివరములను ప్రభుత్వమువారు అందరికిని తెరచియుంచినారు. ప్రతి వ్యాజ్యమునకును అక్షరములు, అంకెలు కలిపి 16 స్థానములుగల సి.ఎన్.ఆర్. సంఖ్య యుండును. అది తెలియనిచో కక్షిదారుని పేరుతోనో, ఠాణా పేరు, ఎఫ్.ఐ.ఆర్. సంఖ్యలతోనో వెదకవచ్చును. ఏ వాయిదా ఏ పనికై వేయబడినది, ముందరి వాయిదా యెప్పుడు అను సంగతు లందు దొరకును. ఎఫ్.ఐ.ఆర్. ప్రతిని, సున్నితమైన నేరములలో దప్ప, 24 గంటలలోపల అంతర్జాలమున నుంచవలెనని సుప్రీంకోర్టు 2016లో ఉత్తరువు చేసియున్నది. ఇంటిలోని పదియవ తరగతి బాలిక యీ పనిని పావుగంటలో చేయగలదు. ఐనను ఒక హెచ్చరిక. మన పేర్లను ఇంగ్లీషు అక్షరములలో పదిమంది పదివిధముల వ్రాయుదురు. ఒక విధమున దొరకని పేరు మరియొక విధమున దొరకవచ్చును. అచ్చట ఏమియు కనబడనంతమాత్రమున ఏమియు లేదని నిశ్చయింపరాదు. అనుమానము మిగిలినచో వకీలుచేత ఆ న్యాయస్థానపు దస్తరమునే చూపించుకొనవలెను.

వకీలునకు సొమ్ము లేదందురా? 1987నాటి న్యాయసేవా ప్రాధికార సంస్థల చట్టము 12వ సెక్షనునుబట్టి స్త్రీలకును, బాలురకును, షెడ్యూల్డు కులములవారికిని, తెగలవారికిని, నిర్బంధములో నున్నవారికిని, వారి యాదాయ మెంతయైనను సరే, ఉచితముగా న్యాయసహాయము నీయవలసియున్నది. 15100 అను సంఖ్యకు మాటలాడినచో త్రోవ చూపుదురు. స్త్రీలందరును ఇందు చేరియున్నారను సంగతిని మా పాఠకురాండ్రు రెండవమారు చదువుదురుగాక. భర్తపై వారంటు వచ్చిన యింట మొట్టమొదట ఏడ్చునదియు స్త్రీయే, మొట్టమొదట దళారికి పుస్తె లిచ్చునదియు స్త్రీయే. సాక్షిగా రాలేదని తనమీదనే వారంటు పుట్టినప్పుడైనను ఆమె యెవ్వరి ముఖమును చూడనక్కరలేదు.

ఈ యజ్ఞానము పేదలకే పరిమితమని యెవ్వరైన ననుకొందురేమో. ఈ మధ్య కొన్నియేండ్లుగా 'డిజిటల్ అరెస్టు' అను నొక మాయ పుట్టినది. మోసగాండ్రు పోలీసు దుస్తులు ధరించి చరవాణిలో కనబడి, మీ పేర వారంటున్నది, గదిలోనుండి కదలవలదు, ఎవ్వరితోడను చెప్పవలదు, సొమ్ము పంపుడు అని గద్దించెదరు. చట్టములో నట్టి యరెస్టు లేనే లేదని ప్రధానమంత్రియే 2024 అక్టోబరు 27వ తేదిని ఆకాశవాణిలో చెప్పవలసివచ్చినది. ఇందు మోసపోవువారెవ్వరు? కూలివారు కారు. పెద్దయుద్యోగములు చేసి పింఛను పొందువారు, వైద్యులు, ఆచార్యులు! వారంటు నమలు జరుపువాడు దాని సారాంశమును చెప్పవలెననియు, అడిగినచో పత్రమును చూపవలెననియు, పట్టినవానిని ప్రయాణకాలము దీసివేయగా 24 గంటలలోపల న్యాయస్థానమునకు చేర్చవలెననియు సంహితలో 77, 78 సెక్షనులు చెప్పుచున్నవి. ఈ రెండు వాక్యము లెరిగిన ముసలమ్మను ఏ మాయావియు గదిలో బంధింపలేడు. 'ఎవ్వరితోడను చెప్పవలదు' అనుటయే వారి మంత్రము. అది ఫలించుట కీ మర్యాదస్థుల సిగ్గే క్షేత్రము.

వారంటున్నదని తెలిసిన తరువాత చేయవలసినది పరుగెత్తుట కాదు, ఎదురుపోవుట. వకీలుచేత వారంటు రద్దునకై అర్జీ వ్రాయించి, రాకపోవుటకు గల కారణమును ఋజువులతో జూపి, తానే న్యాయాధికారి యెదుట నిలువవలెను. తనంతట వచ్చినవానికిని, అర్ధరాత్రి పట్టి తేబడినవానికిని న్యాయాధికారి దృష్టిలో భేద ముండక తప్పదు. దాగినకొలది 84, 85 సెక్షనుల క్రింద ప్రకటనయు, ఆస్తిజప్తియు వచ్చును. ఇది యంతయు వకీలులు చెప్పు సంగతియే గనుక మేము విస్తరింపము.

మేము విస్తరింపదలచినది జామీనును గూర్చి. ఇచ్చట తప్పు చట్టములో కంటె, పోలీసులలో కంటె, మనలో నెక్కువగా నున్నది.

రెండేండ్ల క్రిందట మా పాఠశాలకు పిల్లలను చేరవేయు ఆటోవాడొకని సంగతి చెప్పుదుము. తొమ్మిదేండ్లు ఒకే వీధిలోని పిల్లలను తీసికొనివచ్చి తీసికొనిపోయినవాడు. వానలో పిల్లలకు తన తువ్వాలును గప్పినవాడు. ఏనాటిదో బండి తగిలిన వ్యాజ్యమొకటి యతనిపై నుండెను. అతడు పాతయిల్లు విడిచి క్రొత్తకాలనీకి మారగా సమను పాతయింటికి పోయి తిరిగిపోయెను. వారంటు పుట్టెను. ఒక శనివారము సాయంకాలము పట్టిరి. న్యాయాధికారి మంచివాడే, మూడవనాడు జామీను మంజూరు చేసెను. పదివేల రూపాయల చొప్పున ఇద్దరు జామీనుదారులు. ఇంతటితో మనవారు కథ ముగిసినదనుకొందురు. కథ అప్పుడే మొదలైనది.

ఆటోవాని భార్య ఆ వీధిలో తొమ్మిది యిండ్ల మెట్లెక్కెను. ఆ తొమ్మిదియు స్వంత యిండ్లే. తొమ్మిదింటికిని పన్ను రసీదులున్నవే. ఒకాయన అల్లుని వీసాకు భంగము వచ్చునేమో యనెను. ఒకాయన తన పింఛను పోవుననెను. ఒకామె, 'ఆయన ఊర లేరమ్మా' యని చెప్పుచుండగా లోపలినుండి ఆయన దగ్గు వినబడెను. ఒక యిల్లాలు మాత్రము కంట నీరు పెట్టుకొని, బియ్యమును ఐదువందల రూపాయలను ఇచ్చెను. ఆమె దయను మేము పరిహసింపము. కాని ఆటోవాని కావలసినది బియ్యము కాదు. డబ్బిచ్చుట సులభము, పేరిచ్చుట కష్టము. చెట్టుక్రింది పెద్దమనుష్యు డిద్దరు జామీనుదారులకు ఆరువేల రూపాయలడిగెను. జామీను మంజూరైన పదునొకండవనాడు మేమును, మా చిత్రలేఖనపు ఉపాధ్యాయుడును జీతపు ధ్రువపత్రములు పట్టుకొనిపోయి చేవ్రాళ్లు చేసితిమి. మేము కట్టిన సొమ్ము సున్న. పట్టిన కాలము ఒక పూట. ఆ పదునొకండు దినములును అతడేల కారాగారములో నుండెను? న్యాయాధికారి యుంచమన్నందున కాదు; న్యాయాధికారి విడువుమన్న తరువాతనే యుండెను. తొమ్మిది తలుపులు మూయబడినందున నుండెను.

ఇది మా యూరి వింత కాదు. జామీను మంజూరైనను పూచీ నీయలేక చెరలో మగ్గువారిని గూర్చి సుప్రీంకోర్టే 2023 జనవరి 31వ తేదిని ఉత్తరువులు చేసినది. విడుదల యుత్తరువు అదేదినమునగాని మరునాడుగాని బందీకి చేరవలెను. ఏడు దినములలో విడుదల కానిచో కారాగారాధికారి జిల్లా న్యాయసేవా సంస్థకు తెలుపవలెను. నెలదాటినను పూచీ దొరకనిచో న్యాయస్థానము తానుగా షరతులను సడలించుటను ఆలోచింపవచ్చును. స్థానికుడే జామీను నిలువవలెనను పట్టుదల విడుదల కడ్డు తగులుచున్నది గనుక దానిని మానుట మంచిది. 1978లోనే మోతీరాము అను తాపీపనివాని వ్యాజ్యమున న్యాయమూర్తి కృష్ణయ్యరు, పదివేల రూపాయల పూచీయు, సొంత జిల్లావాడే జామీనుదారుగా నుండవలెనను నిబంధనయు చూచి కోపించి, దూరదేశమున పట్టుబడిన మలయాళీయో, కన్నడిగుడో, అరవవాడో, తెలుగువాడో యేమి చేయవలెనని యడిగెను. వేయి రూపాయల సొంత పూచీపై విడువుమనెను. అప్పుడు మనము దూరదేశమున చిక్కుకొన్న తెలుగువానిని దలచుకొని సంతోషించితిమి. ఇప్పుడు విశాఖపట్నపు ఓడరేవులోను ఉక్కు కర్మాగారములోను గుత్తపనికై ఒడిషానుండియు బీహారునుండియు వచ్చిన కూలివాడు ఇచ్చటి కచేరీలో నిలిచినప్పుడు మనమే దూరదేశమువారము. ఏజెన్సీ గ్రామమునుండి తెచ్చిన గిరిజనునకు నగరమున ఇంటిపన్ను రసీదుగల బంధు వెవ్వడు?

న్యాయస్థానములను మేము నిర్దోషులనుట లేదు. పూచీ మొత్తము మితిమీరరాదని 484వ సెక్షను చెప్పుచున్నది. జామీనునకు హక్కుగల నేరములలో, పట్టిన యేడు దినములలో పూచీ నీయలేనివానిని నిర్ధనునిగా నెంచి సొంత పూచీపై విడువవలెనని 478వ సెక్షను వివరణము చెప్పుచున్నది. ఈ రెండు వాక్యములను నిత్యము పాటించినచో దళారుల వ్యాపారము సగము పడిపోవును. పేదబందీల పూచీకై 40,000 రూపాయలవరకు ఇచ్చు పథకమును కేంద్రప్రభుత్వము 2023లో పెట్టినది, మంచిదే. కాని సర్కారు సొమ్ము కట్టగలదే గాని, 'వీని నే నెరుగుదును, వీడు వచ్చును' అని చెప్పలేదు. ఆ మాట చెప్పగలవాడు పొరుగువా డొక్కడే. జామీనునకు ప్రాణ మా మాటయే.

గృహస్థుల యాక్షేపణలను మేమెరుగుదుము. మొదటిది, దొంగలకు ప్రోత్సాహమిచ్చుట కాదా యని. దొంగయని యెవ్వడు తేల్చెను? విచారణయే జరుగలేదే! ఆంధ్రప్రదేశ్ హైకోర్టు తీర్పుపై పోయిన గుడికంటి నరసింహులు వ్యాజ్యములో 1977 డిసెంబరున కృష్ణయ్యరుగారే, జామీను నిరాకరించుట శిక్షగా నుండరాదనియు, మనుష్యుని విచారణకు రప్పించుటయే ముఖ్యోద్దేశమనియు, వెలుపలనున్నవాడు తన వాదమును సిద్ధపరచుకొనుట కెక్కువ యవకాశముండుననియు వివరించిరి. మన జిల్లాలకు చుట్టమైన ఆ తీర్పును మనలో నెందరు విన్నారు?

రెండవది, ఆస్తి పోవునని. ఇచ్చట భయము గంపెడు, తెలివి గుప్పెడు. జామీను నిలుచునాడు ఒక్క రూపాయి చెల్లింప నక్కరలేదు. నిలిచినవాని బాధ్యత పత్రములో వ్రాసిన మొత్తము. అంతకు మించి కాసైనను లేదు. ముద్దాయి రానిచో 491వ సెక్షను ప్రకారము మొదట కారణము చెప్పుమని నోటీసు వచ్చును. న్యాయస్థానము కారణములు వ్రాసి మొత్తమును తగ్గింపవచ్చును. చెల్లింపక, వసూలును కాకపోయినచో ఆరునెలలవరకు సివిలు ఖైదు గలదు. దీనిని మేము దాచము. కాని యిష్టము లేనప్పుడు తప్పుకొనుటకు త్రోవయు గలదు. ఏ సమయమునైనను అర్జీ పెట్టుకొనినచో, ముద్దాయిని రప్పించి జామీనుదారుని విముక్తుని చేయవలెనని 489వ సెక్షను. పత్రము జప్తు కాకముందే జామీనుదారుడు చనిపోయినచో అతని యాస్తికి ఏ బాధయు లేదు. ఇల్లు భార్యపేర నున్నచో భార్యయే నిలువవచ్చును. జామీనుదారుడు పురుషుడై యుండవలెనని చట్టములో నెచ్చటను లేదు.

మూడవది పెద్దల మాట: జామీను నిలుచుట యింటికి చేటు. ఏ పెద్దలు? మేము చదువుకొన్న ధర్మశాస్త్రములలో జామీనుదారునకు ప్రతిభువని పేరు. అచ్చ తెలుగున పూటకాపనిరి. యాజ్ఞవల్క్యుడు ప్రతిభువులను మూడు తెగలుగా జెప్పెను: మనుష్యుని తెచ్చి చూపుదునని దర్శనమునకు నిలుచువాడు, వీడు నమ్మదగినవాడని ప్రత్యయమునకు నిలుచువాడు, వీడియ్యనిచో నేనిత్తునని దానమునకు నిలుచువాడు. చివరివాడు చచ్చినచో అప్పు వాని కొడుకులపై బడును. మొదటి యిద్దరును చచ్చినచో కొడుకులకు బాధ్యత లేదు. ఇప్పటి కచేరీలో నిలుచు జామీనుదారుడు ఆ మొదటివాడే, దర్శన ప్రతిభువు. యాజ్ఞవల్క్యుని నియమమునకును ఇప్పటి చట్టమునకును ఎంత దగ్గరయో చూడుడు. విజ్ఞానేశ్వరుని మితాక్షరను కేతన పదుమూడవ శతాబ్దముననే తెనిగించి మన వాకిట పెట్టెను. అప్పునకు హామీపడి ఇండ్లమ్ముకొన్నవారి కథలను విని, దానప్రతిభువునకు చెందిన భయమును తెచ్చి దర్శనప్రతిభువునకు తగిలించుట పెద్దల మాట కాదు. పెద్దలను చదువనివారి మాట.

ఇట్లు మర్యాదస్థులు తొలగిన చోటును ఎవ్వరాక్రమించిరి? కూలికి జామీను నిలుచువారు. పూర్వపరిచయము లేని ముద్దాయిని తమ్ముడనియు బావమరదియనియు చెప్పుచు, ఒకే రసీదును పది కచేరీలలో తిప్పుదురు. ముద్దాయి పారిపోయినచో వీరికి నష్టము లేదు. రసీదులోని యిల్లే యుండదు. అప్పుడు న్యాయాధికారికి నిజమైన జామీనుదారునిపై కూడ ననుమానము పుట్టును. పరిశీలనకై దినములు పట్టును. ఆ దినములును పేదవాడే చెరలో లెక్కపెట్టును. కల్లసాక్ష్యములు పెరిగినవని నిట్టూర్చు గృహస్థు, తాను పోయి నిలువవలసిన చోటనే ఆ కల్ల మొలచినదని గ్రహింపడు.

మేము కోరునది గొప్ప త్యాగము కాదు. ప్రతి వీధిసంఘమును, ప్రతి పఠనాలయమును ఒక పుస్తకము నుంచవలెను. అందు, తమకు స్వయముగా తెలిసిన మనుష్యునకు, అనగా తమ యింట పనిచేయువానికో, తమ పిల్లలను మోయువానికో, తమకు చేపలు తెచ్చునామె కొడుకునకో, జామీను నిలువ నంగీకరించు గృహస్థులు పేర్లు వ్రాయవలెను. ఎరుగనివారికి నిలువుమని మే మెవ్వరికిని చెప్పము. తొమ్మిదేండ్లుగా నెరిగినవానికి నిలువుమందుము. స్త్రీలు తమ పేర వ్రాయుదురుగాక. ఆ పుస్తకము ప్రక్కనే వకీలుల సంఘమునుండి ఒకరు నెలకొకసారి వచ్చి, ఈ-కోర్టులలో పేరు వెదకుట, వారంటు రద్దు అర్జీ యనువానిని చూపుదురుగాక. హరికథలకు దొరకు వేదిక దీనికి దొరకకపోదు.

సంహిత 486వ సెక్షను ప్రకారము జామీనుదారుడు, ఈ ముద్దాయితో కలిపి తా నెందరికి జామీను నిలిచియున్నాడో వివరములతో న్యాయస్థానమునకు వ్రాసియియ్యవలెను. భీమునిపట్నములో ఆ చోట 'ఒక్కరికి' అని నిజముగా వ్రాయగల గృహస్థులు వేలకొలది యున్నారు. చెట్టుక్రిందినుండి వచ్చినవాడును ఆ చోట 'ఒక్కరికి' అనియే వ్రాయుచున్నాడు.